గాజు సీసాలో సముద్రపు గాలి

సభకు నమస్కారం.

విశాఖ జాలరిపేట నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, క్లాసులయ్యాక ఇళ్లకు పోకుండా ఇటు వచ్చిన పిల్లలకు ముందుగా నా కృతజ్ఞతలు. సముద్రంలో ప్లాస్టిక్ గురించి మాట్లాడమన్నారు. తాబేళ్ల పొట్టలో సంచులు, వలల్లో చిక్కే సీసాలు మీరు రోజూ చూసేవే. వాటి గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. నేను కంటికి కనపడని ఒక సంగతి చెబుతాను. అది మీథేన్, భూమిని వేడెక్కించే ఒక వాయువు. మన ఊళ్లలో గోబర్ గ్యాస్ పొయ్యి వెలిగేది దానితోనే.

ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక ఫైబర్ బోటులో నీటి నమూనాల కోసం వెళ్లేవాణ్ని. బోటు నడిపే తాత ఒకరోజు నన్ను అడిగాడు: "ఏటి బాబూ, ఇంత దూరమొచ్చి సీసాల్లోకి నీల్లు పడతన్నావు, అందులో ఏటుందని?" గాలి ఉంది తాతా, నీళ్లలో కరిగిన గాలిని కొలుస్తాం అన్నాను. ఆయన కాసేపు నీళ్లకేసి చూసి, "అయితే గంగమ్మ కూడా ఊపిరి తీసి వదులుద్దన్నమాట" అన్నాడు. ఇన్నేళ్లలో ఏ పుస్తకంలోనూ ఈ విషయాన్ని ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు దొరకలేదు.

ఆ రోజు అలలకు నా గాజు సీసాలు రెండు పగిలిపోయాయి. తాగడానికి తెచ్చుకున్న ప్లాస్టిక్ సీసాలు ఖాళీ చేసి వాటిలో నీళ్లు పట్టుకొచ్చాను. మా గురువుగారు ఆ రెండింటినీ కొలవకుండానే సింకులో పారబోయించారు. ప్లాస్టిక్ గోడల్లోంచి వాయువులు అటూ ఇటూ జారిపోతాయి, ఆ నీటిని నమ్మకూడదు అన్నారు. ఎండలో అంత దూరం పోయి తెచ్చిన నీళ్లు పారబోశారని ఆ రాత్రంతా బాధపడ్డాను.

2018లో ఆ సీసాలు మళ్లీ గుర్తొచ్చాయి. హవాయి విశ్వవిద్యాలయంలో సారా-జీన్ రోయర్, డేవిడ్ కార్ల్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సముద్రపు నీటిలో సూక్ష్మజీవులు ఎంత మీథేన్ చేస్తున్నాయో చూడబోతే, లోపలున్న జీవుల కంటే నీళ్లు పోసిన ప్లాస్టిక్ సీసాయే ఎక్కువ మీథేన్ ఇస్తోందని తేలింది. వాళ్లు దాన్ని పొరపాటు లెక్క అని పక్కన పడెయ్యలేదు. వాడుకలో ఉన్న 7 రకాల ప్లాస్టిక్‌లను తెచ్చి ఎండలో పెట్టారు. ఎండ తగిలిన ప్రతి రకం నుంచీ మీథేన్, ఎథిలీన్ బయటికి వచ్చాయి. ఎథిలీన్ అంటే మామిడికాయల్ని మాగబెట్టే వాయువే. అన్నింటికంటే ఎక్కువ ఇచ్చింది ఎల్‌డీపీఈ, అంటే తక్కువ సాంద్రత గల పాలిథిన్. పాల ప్యాకెట్టు, పల్చటి క్యారీ బ్యాగు ఆ జాతివే.

ఎందుకిలా? పాలిథిన్ అంటే కార్బన్, హైడ్రోజన్ పరమాణువుల పొడవాటి గొలుసు. ఎల్‌డీపీఈలో ఆ గొలుసుకు చింతకొమ్మకు రెమ్మల్లా పక్క కొమ్మలు చాలా ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వాటిని తెంపుతూ పోతే చిన్న ముక్కలు వాయువులై ఎగిరిపోతాయి. ఎండకు పైపొర బీటలు వారే కొద్దీ కొత్త ఉపరితలం బయటపడుతుంది, అక్కడా ఇదే తంతు. వాళ్లు 212 రోజులు నీటిలో ఎండబెట్టి చూస్తే వాయువు రావడం తగ్గలేదు సరికదా, కాలం గడిచే కొద్దీ పెరిగింది. ఎండ తగిలాక చీకట్లో పెట్టినా ఆగలేదు. ఇంకో సంగతి మన బీచ్‌కు సంబంధించింది. నీటిలో తేలేటప్పటికంటే గాలిలో ఉన్నప్పుడు మీథేన్ దాదాపు 2 రెట్లు, ఎథిలీన్ 76 రెట్లు ఎక్కువ వచ్చాయి. అంటే అల ఒడ్డుకు విసిరిన కవరు ఇసుకలో ఎండుతూ మరింత చురుగ్గా ఈ పని చేస్తుంది. ఆర్కే బీచ్‌లో మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఇక్కడ నేను కొంచెం ఆగి ఒక లెక్క వెయ్యాలి. పత్రికల్లో, ఫోన్లకు వచ్చే సందేశాల్లో ప్లాస్టిక్ మీథేన్ వల్లే భూమి వేడెక్కిపోతోందన్నట్టు రాతలు వస్తున్నాయి. అది నిజం కాదు. సముద్రం మీద ప్రేమతో రాసినా సరే, తప్పు తప్పే.

212 రోజుల తర్వాత ఒక గ్రాము ఎల్‌డీపీఈ రోజుకు ఇచ్చిన మీథేన్ 5.8 నానోమోల్. అంటే ఒక గ్రామును కోటి భాగాలు చేస్తే అందులో ఒక భాగం కూడా నిండదు. 10 లక్షల టన్నుల ప్లాస్టిక్‌కు ఇదే లెక్క వేస్తే రోజుకు సుమారు 93 కిలోలు, ఏడాదికి 34 టన్నులు. 2015 వరకు మనుషులు తయారుచేసిన ప్లాస్టిక్ మొత్తం 830 కోట్ల టన్నులని 2017లో ఒక అంచనా వచ్చింది. అదంతా ఎల్‌డీపీఈయే అనుకుని, అంతా ఎండలోనే పడి ఉందనుకున్నా ఏడాదికి 3 లక్షల టన్నుల లోపే. సముద్రం తనంతట తాను వదిలే మీథేన్ ఏడాదికి 60 లక్షల నుంచి 1.2 కోట్ల టన్నులు. భూమి మీద అన్ని వనరులూ కలిపితే 55 కోట్ల టన్నులు దాటుతుంది.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. అదే బరువున్న ఎల్‌డీపీఈ గుళికల కంటే పొడి 488 రెట్లు ఎక్కువ మీథేన్ ఇచ్చింది. సముద్రంలో ఏ కవరూ కవరుగా ఉండిపోదు. అలలు, ఎండ, ఇసుక కలిసి దాన్ని నలిపి 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటున్నాం. ఆ పైన అవి ఇంకా నలుగుతూనే ఉంటాయి. 488ని తెచ్చి నేను వేసిన 34 టన్నులకు గుణించడం శాస్త్రం కాదు. ఆ పోలిక కొత్త గుళికలతో, నాది 212 రోజులు ఎండకు పాతబడిన గుళికలతో. కానీ ఈ రోజు మనం ఏరని కవరు పదేళ్ల తర్వాత మరింత మీథేన్ ఇచ్చే స్థితిలో ఉంటుందన్న మాట మాత్రం గట్టిది. ఏరేద్దామన్నా అప్పుడది చేతికి దొరకదు.

మరి సముద్రం తనంతట తాను వదిలేది ఎక్కడి నుంచి వస్తోంది? ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. మీథేన్ చేసే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ పడదని మా పాఠాలు చెప్పేవి. కానీ ఆక్సిజన్ నిండుగా ఉన్న పైనీటిలోనే, గాలితో సమతూకానికి ఉండాల్సిన దానికంటే ఎక్కువ మీథేన్ దొరుకుతోంది. దీన్ని సముద్ర మీథేన్ చిక్కుముడి అంటారు. 2008లో ఇదే డేవిడ్ కార్ల్, సహచరులు ఒక ముడి విప్పారు. ఫాస్ఫేట్ దొరకని నీటిలో సూక్ష్మజీవులు ఆకలికి మిథైల్‌ఫాస్ఫొనేట్ అనే పదార్థాన్ని విరగ్గొడతాయి. వాటికి కావలసింది అందులోని ఫాస్ఫరస్. కొబ్బరికాయ కొట్టి కొబ్బరి తిని చిప్ప అవతల పారేసినట్టు, ఫాస్ఫరస్ తీసుకుని మీథేన్‌ను వదిలేస్తాయి. 2012లో ఆ పదార్థాన్ని తయారుచేసే సముద్రజీవి ఒకటి కూడా దొరికింది. అన్ని ముళ్లూ ఇంకా విడిపోలేదు. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో ఎవరికో ఒకరికి ఆ పని మిగిలి ఉంది.

కృష్ణా గోదావరి బేసిన్ గురించి కూడా అడుగుతారని తెలుసు. అక్కడ లోతైన సముద్రగర్భంలో మీథేన్ మంచులాంటి స్ఫటికాల్లో బంధించి ఉంది. నిప్పు పెడితే మండే మంచు అది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ వచ్చి తవ్వి చూసింది. ఆ లోతులో చలికి, నీటి ఒత్తిడికి అది గడ్డకట్టి ఉంటుంది. అడుగున కొంత ఊరినా పైకి వచ్చేలోపే చాలావరకు నీటిలో కరిగిపోతుంది, దాన్ని తినే సూక్ష్మజీవులూ ఉన్నాయి. ఈ వేళ మనల్ని కలవరపెట్టాల్సింది అది కాదు.

కలవరపెట్టాల్సింది మోకాటి లోతు నీళ్లు. 2019లో ప్రపంచవ్యాప్తంగా కొలతలన్నీ పోగేసి చూసినప్పుడు, సముద్రం నుంచి గాలిలో కలిసే మీథేన్‌లో ఎక్కువ భాగం తీరంలోని లోతు తక్కువ నీటి నుంచే వస్తోందని తేలింది. కారణం తేలిక. బురదలో పుట్టిన బుడగకు అక్కడ పైకి రావడానికి రెండు నిమిషాలు చాలు. కరిగే వ్యవధి లేదు, తినేవాటికి చిక్కే వ్యవధీ లేదు.

ఇక మన గెడ్డల, అంటే వాగుల దగ్గరికి వద్దాం. మేఘాద్రిగెడ్డ నుంచి మీ వీధి చివరి కాలువ దాకా, మన ఊరి నీరంతా ఏదో ఒక తోవన సముద్రానికే పోవాలి. తూము దగ్గర పది కవర్లు అడ్డం పడితే చాలు, వాటికి కొబ్బరి పీచు తగులుకుంటుంది, పీచుకు బురద పడుతుంది, నీరు నిలుస్తుంది. వంటింటి మురుగు అందులో కుళ్లుతుంది. ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు ఆ బురదలో జరిగేది గోబర్ గ్యాస్ ట్యాంకులో జరిగేదే, పైన మూత ఒక్కటే లేదు. కర్రతో పొడిస్తే బుడబుడమని బుడగలు వస్తాయి కదా, చిన్నప్పుడు ఆడుకున్నాం కదా, వాటిలో చాలా భాగం మీథేనే. కవరు ఎండకు తానిచ్చే మీథేన్ కంటే, అది తూముకు అడ్డం పడి పుట్టించే మీథేనే ఎక్కువని నా నమ్మకం. నమ్మకం అంటున్నాను, కొలత అనడం లేదు. ఆ కొలత కోసమే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

మీథేన్ గాలిలో సగటున 12 ఏళ్ల దాకానే నిలుస్తుంది, కానీ ఉన్నన్నాళ్లూ గట్టిగా వేడి పట్టి ఉంచుతుంది. 20 ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైమాటే. అందుకే దీన్ని తగ్గిస్తే ఫలితం మన జీవితకాలంలోనే కనిపిస్తుంది. ప్లాస్టిక్ వల్ల కలిగే వేడిలో సుమారు 90 శాతం దాన్ని తయారుచేసే దశలోనే పుడుతోందన్నది కూడా మరిచిపోవద్దు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా కొన్ని రకాల ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. బీచ్‌లో కవర్లు ఏరడం మంచి పనే, నేనూ ఏరుతాను. కానీ కొనకుండా మానుకున్న కవరు తూముకూ అడ్డం పడదు, ఫ్యాక్టరీలోనూ పుట్టదు.

ఈ ఊరికి కొలిచే అలవాటు కొత్త కాదు. 1950లలోనే అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్‌తో కలిసి ఆంధ్రా విశ్వవిద్యాలయం వాళ్లు వాల్తేరు తీరంలో అడుగునీరు పైకి ఉబకడాన్ని కొలిచారు. లాసన్స్ బే కాలనీలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రం శాస్త్రవేత్తలు దేశంలోని నదీముఖాల్లో మీథేన్‌ను కొలిచారు. మన పేట పక్కన గెడ్డ సంగతి మనం చూసుకోవాలి.

అందుకని నా కోరిక ఇది. వచ్చే ఆదివారం నుంచి ఏడాది పొడవునా, వారానికి ఒకసారి, ఒకే గెడ్డ ముఖద్వారం దగ్గర, సముద్రపు నీరు వెనక్కి తీసిన వేళకు కలుద్దాం. పాటుపోట్లు ఎప్పుడన్నది జాలరిపేట పెద్దలు చెబితే దాన్నిబట్టి గంట పెట్టుకుందాం. పిల్లల్లో ఇద్దరు తూము దగ్గర చెత్త తూచి రాయాలి, ఇద్దరు నీరు పట్టాలి. సీసా గాజుదే కావాలి. ట్యూబును సీసా అడుగుకంటా దించి, నీరు మూతి మీదుగా పొర్లేదాకా నింపి, బుడగ లేకుండా మూత బిగించాలి. బుడగ ఉంటే ఆ సీసా పారబోసి మళ్లీ పట్టాలి. మొదటి నెలంతా పారబోయడమే సరిపోతుంది, నిరుత్సాహపడకండి. పేర్లు ఇవ్వదలచినవాళ్లు తలుపు దగ్గర పుస్తకం ఉంది, రాసి వెళ్లండి.

నమస్కారం.