నాలుగు టైటిళ్లు గెలిచినా నిలవని జట్టు: న్యూయార్క్ ఆరోస్

అందరికీ నమస్కారం.

గెలిచే జట్టుకు ఢోకా ఉండదని మనం అనుకుంటాం. అమెరికాలోని ఇండోర్ సాకర్ (ఫుట్‌బాల్) జట్టు న్యూయార్క్ ఆరోస్ తన లీగ్‌లో మొదటి నాలుగు టైటిళ్లూ వరసగా గెలిచింది. అయినా ఆరు సీజన్లకే మూతపడింది.

ముందు ఆట సంగతి. ఐస్ హాకీ రింకు మీద కృత్రిమ గడ్డి పరిచి, గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు ఆడే సాకర్ ఇది. చుట్టూ ఉన్న హాకీ బోర్డులకు బంతి తగిలి వెనక్కొస్తే ఆట ఆగదు, తెలివైనవాళ్లు దాన్నే పాస్‌గా వాడుకుంటారు. ఊపిరి పీల్చుకునే సందు దొరకదు. 1974లో మాస్కో రెడ్ ఆర్మీ జట్టు ఫిలడెల్ఫియాలో ఇలాంటి మ్యాచ్ ఆడితే పదకొండు వేల మందికి పైగా వచ్చారు. ఆ జనాన్ని చూసిన ఎడ్ టెప్పర్, తర్వాత ఎర్ల్ ఫోర్‌మన్‌తో కలిసి మేజర్ ఇండోర్ సాకర్ లీగ్ పెట్టారు.

తొలి మ్యాచ్ 1978 డిసెంబర్ 22న, లాంగ్ ఐలాండ్‌లోని నసావ్ కొలీజియంలో జరిగింది. 10,386 మంది ముందు ఆరోస్ 7-2తో సిన్సినాటి కిడ్స్‌ను ఓడించింది. బేస్‌బాల్ స్టార్ పీట్ రోజ్ వాటా ఉన్న జట్టు ఆ కిడ్స్. పాపం, ఒక్క సీజన్‌తోనే పోయింది.

ఆరోస్‌కు కోచ్ డాన్ పొపోవిచ్, గోల్‌లో షెప్ మెస్సింగ్. కానీ జట్టుకు ప్రాణం స్టీవ్ జుంగుల్. యుగోస్లావియాలో హైదుక్ స్ప్లిట్ క్లబ్‌కు పేరు తెచ్చిన ఫార్వర్డ్. సైన్యంలో చేయాల్సిన సేవ చేయకుండా 1978లో అమెరికా వచ్చేశాడు. దాంతో ఫిఫా నిషేధం పడి, బయటి మైదానంలో ఆడే దారి మూసుకుపోయింది. ఇండోర్ లీగ్‌కు ఆ అడ్డు లేదు. అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు, మంచి ఫామ్‌లో ఉన్నాడు. ఇంత ఆటగాడు అన్నేళ్లు ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆరోస్‌కు మాత్రం అదే అదృష్టమైంది. 1980-81లో 40 మ్యాచ్‌ల రెగ్యులర్ సీజన్‌లో ఒక్కడే 108 గోల్స్ కొట్టాడు. ఆ ఏడాది ఫైనల్ సెయింట్ లూయిస్‌లో, ప్రత్యర్థి జట్టు స్టీమర్స్ సొంత అభిమానుల మధ్య జరిగింది. స్కోరు 5-5. ఇక కాసేపట్లో సమయం అయిపోతుందనగా జుంగుల్ గోల్ కొట్టాడు. ఆ టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించండి!

అప్పట్లో అదే కొలీజియంలో ఆడే ఐలాండర్స్ ఐస్ హాకీ జట్టు కూడా 1980 నుంచి 1983 దాకా వరసగా నాలుగు స్టాన్లీ కప్పులు, అంటే తన లీగ్ టైటిళ్లు, గెలిచింది. వాళ్లు ఈ రోజుకీ ఆడుతున్నారు. వాళ్ల వెనక 1917లో పుట్టిన లీగ్ ఉంది. ఆరోస్ లీగ్ వయసు అప్పటికి నాలుగైదేళ్లు. కొత్త లీగ్‌లో టైటిల్ గెలిస్తే పేరొస్తుంది, జీతాలకు డబ్బు రాదు. నా దృష్టిలో ఆ జట్టు దెబ్బతిన్నది అక్కడే. 1983 మొదట్లో ఆరోస్ జుంగుల్‌ను గోల్డెన్ బే జట్టుకు ఇచ్చేసింది. ఆ తర్వాత తేరుకోలేదు. 1984లో మూసేశారు.

ఆ నిషేధం అడ్డు తొలగిపోయాక, అదే 1984లో జుంగుల్ బయటి మైదానంలో, పచ్చగడ్డి మీద ఆడి, నార్త్ అమెరికన్ సాకర్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నాడు. ఆ లీగ్‌కు కూడా అదే ఆఖరి సీజన్.