పియానో ట్యూనర్ ‘ట్రేడ్ సీక్రెట్’ అన్నాడా? అది 1711లోనే అచ్చయిపోయింది!

తిట్టుకునేవాళ్ళు ముందే తిట్టేసుకోండి, ఎందుకంటే ఇవాళ నేను ఒకే ఒక్క మాట పట్టుకుని సాగదీస్తా. పియానో రిపేరులో సీక్రెట్ అనేదే లేదు. దాచుకునేవాళ్ళ వల్ల పోతున్నది ఎవడి అన్నమూ కాదు, పియానోలే.

గొడవ ఇదీ. అమెరికాలో, జపాన్‌లో, యూరప్‌లో కొందరు టెక్నీషియన్లు పిన్ బ్లాక్ (తీగలు బిగించే పిన్నులు దిగి ఉండే చెక్క) రిపేరు దగ్గర్నుంచి యాక్షన్ (కీ నొక్కితే హ్యామర్ అనే సుత్తి తీగని కొట్టేలా చేసే యంత్రాంగం) రెగ్యులేషన్ దాకా అన్నీ కెమెరా ముందు ఫ్రీగా చేసి చూపిస్తున్నారు. ఇంకొందరేమో “మా పొట్ట కొడుతున్నారు” అని గోల. అయ్యా, అసలు మీ చేతికి పియానో ఎలా వచ్చిందో తెలుసా?

ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫొరీ 1700 ప్రాంతంలో పియానో కట్టాడు. ఇటలీలో దానికి పెద్ద గిరాకీ ఏం లేదు. 1711లో మాఫెయీ అనే రచయిత దాన్ని చూసి, యాక్షన్ బొమ్మతో సహా పత్రికలో వేసేశాడు. 1725లో అది జర్మన్‌లోకి వచ్చింది. అక్కడ ఆర్గన్లు కట్టే జిల్బర్‌మన్ పియానోలు మొదలెట్టాడు. ఆయన తొలి పియానోలు వాయించి చూసి సంగీతకారుడు బాఖ్ ఏమన్నాడు? కీలు బరువు, పై స్వరాలు బలహీనం అన్నాడు. జిల్బర్‌మన్ అలిగాడట, కానీ ఏళ్ళ తరబడి కూర్చుని సరిచేశాడు. ఒక్క బొమ్మ అచ్చవ్వడం వల్ల జరిగిన కథ ఇది! మాఫెయీ కూడా “ట్రేడ్ సీక్రెట్” అని మూసుకుని కూర్చుంటే?

జపాన్ సంగతి చూడండి. 1899లో తొరకుసు యమహా అమెరికా వెళ్ళి ఫ్యాక్టరీలు చూసొచ్చాడు. 1900లో హమామత్సులో తొలి అప్‌రైట్ (నిలువు పియానో) బయటికొచ్చింది, 1902లో గ్రాండ్ (తీగలు అడ్డంగా పరుచుకున్న పెద్ద పియానో). చాలక 1926లో జర్మనీ బెక్‌స్టైన్ కంపెనీ నుంచి ఒక టెక్నీషియన్‌ని పిలిపించుకున్నారు. చూపించినవాళ్ళు చూపించారు, నేర్చుకున్నవాళ్ళు నేర్చుకున్నారు. మరి జర్మన్ పియానో చచ్చిందా? లేదే!

“అన్నీ చెప్పేస్తే మా దగ్గరికెవరొస్తారు” అనేవాళ్ళకి ఒకటే జవాబు. వీడియో చూసినంత మాత్రాన పిన్ను నిలబెట్టడం రాదు. ఎందుకు రాదో చెప్తా. రెంచి తిప్పగానే పిన్ను తల తిరుగుతుంది, చెక్కలో ఉన్న అడుగు వెంటనే తిరగదు. మధ్యలో పిన్ను మెలి పడుతుంది. ఆ మెలి విడిపించకుండా చెయ్యి తీశారా, గంటలో తీగ జారిపోతుంది. కావలసిన స్వరం కంటే వెంట్రుకవాసి పైకెక్కించి, మెల్లగా కిందికి ఒదిగించి, గట్టిగా కీ కొట్టి చూడాలి. ఇలా సుమారు 230 తీగలు, మొత్తం బిగింపు 18 టన్నుల పైమాటే. ఆ మణికట్టు వాటం ఎవడు దొంగిలిస్తాడండీ? ఎఫ్3, ఏ3 అనే రెండు కీలు కలిపి నొక్కితే సెకనుకి సుమారు ఏడు బీట్లు (రెండు స్వరాలు కలిసినప్పుడు అలల్లా వినిపించే ఊగిసలాట) రావాలని ఎవరికైనా చెప్పొచ్చు. వినడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది.

ఇప్పుడు నా అసలు సిద్ధాంతం. మన తీరంలో పియానోలకి మందు జర్మనీలో లేదు, మనలాగే ఉక్కపోత ఉండే ఫ్లోరిడాలో, సింగపూర్‌లో ఉంది. చల్లటి దేశాల మాన్యువల్ ఏం చెప్తుంది? తేమ 40, 50 శాతం మధ్య ఉంచమంటుంది. విశాఖలో ముసురు పట్టినప్పుడు 80 దాటుతుందండీ! ఆ అంకె పట్టుకుని ఊరేగి ఏం లాభం? బొబ్బిలి వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి, ఎండకి ఆ మైనం ఏమవుతుందో అక్కడివాళ్ళకి వేరే దేశం వచ్చి నేర్పాలా? ఉక్కపోతలో పనిచేసేవాడికే ఉక్కపోత తెలుస్తుంది.

మన దగ్గర అసలు విలన్ వాన కాదు, ఏసీ. రాత్రి ఆరు గంటలు ఏసీ, పొద్దున ఆఫ్, కిటికీలు బార్లా. సౌండ్‌బోర్డ్ (తీగల నాదాన్ని పెద్దది చేసే చెక్క పలక) తేమ పీల్చి ఉబ్బుతుంది, స్వరం పెరుగుతుంది. ఆరితే దిగుతుంది. అది కూడా అన్నిచోట్లా సమానంగా కాదు. బేస్ తీగలు అయిపోయి మామూలు తీగలు మొదలయ్యే చోట ఎక్కువ కదులుతుంది. అందుకే మధ్యలో పాట అపశ్రుతి. ఇది తెలియక “పిన్నులు వదులు” అని బిల్లు వేసేవాళ్ళున్నారు.

నిజంగానే వదులైతే? పిన్ను బిగువు కొలిచే టార్క్ రెంచిలో 50 అంగుళ-పౌండ్లు కూడా రాకపోతే వదులన్నట్టే. పాత పద్ధతి, పిన్ను పీకి ఒక సైజు పెద్దది కొట్టడం. తీగ కాయిల్ పాడవచ్చు, ఖర్చు ఎక్కువ. ఇప్పుడు చాలామంది వాడేది పల్చటి సీఏ జిగురు (సూపర్ గ్లూ రకం). పల్చటిదే! జెల్ కాదు. నీళ్ళలా పిన్ను పక్కనుంచి చెక్కలోకి దిగాలి కాబట్టి. అప్‌రైట్ అయితే యాక్షన్ తీసేసి, పియానోని వెనక్కి పడుకోబెట్టాలి. రెండొందల కిలోల పైబడ్డ సామాను, ఒక్కరే ప్రయత్నించొద్దు. పిన్ను మొదట్లో చుక్కచుక్కగా పొయ్యాలి, పీల్చుకున్నాక మళ్ళీ, ఇలా రెండు మూడు విడతలు. కిటికీలు తెరవాలి, ఫ్యాన్ ఉండాలి, కళ్ళద్దాలు తప్పనిసరి, ఆ ఆవిరి కళ్ళు మండిస్తుంది. ఒక రోజు ఆగి ట్యూన్ చెయ్యాలి. పిన్ బ్లాక్ పొరలు విడిపోయి ఉంటే మాత్రం జిగురుతో అయ్యే పని కాదు, బ్లాకే మార్చాలి. చూశారా, మొత్తం చెప్పేశా. ఎవరి పొట్టా కొట్టలేదు.

సముద్రం పక్కన ఇంకో తంటా, తుప్పు. తుప్పు తీగని నేరుగా పైకి లాగారా, ఠప్పున తెగుతుంది. ముందు కాస్త కిందికి దించండి, ‘టిక్’ మని తుప్పు పట్టు వదులుతుంది, అప్పుడు పైకెక్కించండి. స్వరం 40 సెంట్లు (పక్కపక్క కీల స్వరాల మధ్య తేడాలో నూరోవంతు ఒక సెంటు) దిగిపోయిన పియానో అయితే పై తీగలని మొదటి విడతలో దాదాపు 10 సెంట్లు ఎక్కువకి లాగాలి, బేస్‌లో అంతకంటే బాగా తక్కువ. ఎందుకంటే మిగతా తీగలు బిగిసేకొద్దీ సౌండ్‌బోర్డ్ కిందికి నొక్కుకుపోయి మొదట లాగినవి దిగుతాయి. రెండో విడత అసలు ట్యూనింగ్.

పియానో అడుగున బల్బు వెలిగించే పాత అలవాటుందే, దాంతో నాకు పేచీ ఉంది. ఒక మూల కాల్చేస్తుంది, మిగతా మూలలు తడిగానే ఉంటాయి, పైగా నిప్పు భయం. దాని బదులు పొడుగాటి హీటర్ రాడ్లు, వాటికి హ్యూమిడిస్టాట్ (తేమని బట్టి వాటిని ఆన్, ఆఫ్ చేసే స్విచ్). హ్యూమిడిస్టాట్ లేని రాడ్ ఏసీ గదిలో పెడితే పియానో ఎండిపోయి పగులుతుంది. అమెరికా కిట్‌తో వచ్చే, గాలికి తేమ పట్టించే నీళ్ళ డబ్బా మన తీరంలో దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు.

అందుకే చెప్తున్నా, మనవాళ్ళు తీసుకోవడమే కాదు, ఇవ్వాలి కూడా. దేశాల టెక్నీషియన్ల సంఘాలన్నీ కలిసే ఐఏపీబీటీ అనే సమాఖ్యే ఉంది. అక్కడ వానాకాలం లెక్కలు ఎవరు పెడతారు, మంచు దేశం వాళ్ళా? ప్రతి ఇంటికీ వెళ్ళినప్పుడు తేమ శాతం, ఉష్ణోగ్రత, ఏ2, ఏ3, ఏ4, ఏ5 ఎన్ని సెంట్లు తేడా ఉన్నాయో, ఏసీ ఎన్ని గంటలు వేస్తారో నోటు పుస్తకంలో రాయండి. కొన్ని వందల రూపాయల తేమ మీటరు చాలు. మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి.

పోయే ముందు ఇంకో చిట్కా. కీ నొక్కితే హ్యామర్ తిరిగి రాకపోతే, దయచేసి కుట్టుమిషను నూనె వెయ్యకండి! అది గుడ్డలోకి దిగి జిగటై, ఇంకా బిగుసుకుపోతుంది. ముందు నీళ్ళు, ఆల్కహాలు కలిపి సెంటర్ పిన్ను (హ్యామర్ ఊగే ఇరుసు) చుట్టూ ఉండే గుడ్డకి ఒక్క చుక్క. నీటికి గుడ్డ ఉబ్బి పిన్నుకి ఒత్తుకుంటుంది, ఆరేటప్పుడు ముడుచుకుని దారి ఇస్తుంది. ఒక రోజు ఆరనిచ్చి హ్యామర్‌ని ఊపి చూడండి, ఐదారుసార్లు ఊగితే సరిపోయింది. పిన్ను మీద పచ్చటి చిలుము కనిపిస్తే చుక్కలతో కుదరదు, పిన్ను మార్చాల్సిందే. మామూలుగా ఉండేది 20 నంబరు, 1.27 మిల్లీమీటర్లు, గుడ్డ అరిగితే అర సైజు పైది.