కత్తిరింపు ఒక్కటే తమదైన కళ: అభిమానుల యానిమే మ్యూజిక్ వీడియోలు

సభకు నమస్కారం.

యానిమే అంటే జపాన్‌లో తయారయ్యే బొమ్మల చిత్రాలు (యానిమేషన్). ఆ ధారావాహికల్లోంచీ, సినిమాల్లోంచీ దృశ్యాలు ఏరుకొని, వాటితో ఏ సంబంధమూ లేని ఒక పాటకు వాటిని పేర్చి అభిమానులు తయారుచేసే మూడు నాలుగు నిమిషాల చిత్రాన్ని యానిమే మ్యూజిక్ వీడియో అంటారు. పొట్టిగా ఏఎమ్‌వీ. బొమ్మ గీసింది వాళ్ళు కాదు, పాట కట్టిందీ పాడిందీ వాళ్ళు కాదు. ఏ షాట్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తెంచాలి, దేని పక్కన దేన్ని ఉంచాలి అన్న నిర్ణయం ఒక్కటే వాళ్ళ సొంతం. ఈ ప్రక్రియ చరిత్రను, టేపు మీద వీడియోను రికార్డు చేసే వీసీఆర్ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, ఇంటర్నెట్ వచ్చింది అంటూ యంత్రాల వరసగా చెప్పడం అలవాటు. అది తప్పని అనను గాని, యంత్రం మారినప్పుడల్లా ఆ కత్తిరింపు ఏమైంది, దానికి కొత్తగా ఏం చేతనైంది, ఏ అలవాటు పోయింది అన్నది నాకు ఇంతకంటే ఆసక్తికరంగా కనిపిస్తుంది. నా ప్రసంగం దాని గురించే.

1982లో అమెరికాలో జిమ్ కపోస్టాస్ అనే 21 ఏళ్ళ యువకుడు రెండు వీసీఆర్‌లను కలిపి, 'స్టార్ బ్లేజర్స్' ధారావాహికలోని అతి హింసాత్మకమైన దృశ్యాలను ఏరి, బీటిల్స్ బృందం పాడిన 'ఆల్ యూ నీడ్ ఈజ్ లవ్' పాటకు జతచేశాడు. తొలి ఏఎమ్‌వీగా ఎక్కువమంది ఒప్పుకునేది దీన్నే. 1974లో జపాన్‌లో ప్రసారమైన 'స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాటో'కు అమెరికన్ రూపమే 'స్టార్ బ్లేజర్స్'. 1979లో అక్కడి టీవీల్లో మొదలైంది. ప్రేమ ఉంటే చాలునని పాట చెబుతుంటుంది, తెర మీద అంతరిక్ష యుద్ధనౌకలు పేలిపోతుంటాయి. పైకి ఇది కుర్రతనపు వేళాకోళంలా ఉంటుంది. అయితే ఒక్క షాట్ కొత్తగా తీయకుండా, ఒక్క మాట కలపకుండా, ఆ ధారావాహిక మీదా ఆ పాట మీదా ఒకేసారి వ్యాఖ్యానం చేయడం ఇందులో కుదిరింది. రెండు మూలాలూ ఎరిగిన ప్రేక్షకుడు ఎదురుగా లేకపోతే ఆ వ్యాఖ్యానం నిలవదు. పేరడీ కవిత్వం రుచి తెలిసిన మన పాఠకులకు ఈ సంగతి కొత్తేమీ కాదు. 1981 ఆగస్టు 1న పాటల వీడియోలు ప్రసారం చేసే ఎంటీవీ చానల్ మొదలై అప్పటికి ఎంతో కాలం కాలేదు గాని, పాట వినిపిస్తుంటే దానికి బొమ్మ ఉండాలన్న అలవాటు ఆ తరానికి అప్పటికే పట్టుకుంది.

ఆయనకు ముందు ఎవరూ లేరని అనుకోనక్కర్లేదు. 1975లోనే క్యాండీ ఫాంగ్ అనే అభిమాని 'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ టీవీ ధారావాహిక నుంచి మిగిలిపోయిన ఫిల్మ్ ముక్కలను స్లైడ్‌లుగా చేసి, టేపులో పాట వేసి, ఆ పాటకు తగ్గట్టు స్లైడ్‌లు మార్చుతూ అభిమానుల సభలో ప్రదర్శించింది. ఆ దారిలో టీవీ నాటకాల దృశ్యాలతో వీడియోలు చేసే సంప్రదాయం ఒకటి, ముఖ్యంగా స్త్రీల చేతుల్లో, పెరిగింది. యానిమే వీడియోలు దానికి పక్కగా, చాలాకాలం దాని ఊసు లేకుండానే ఎదిగాయి. జపాన్‌లో 'మ్యాడ్' అనే మరో దారి ఉంది: మొదట మాటలనూ శబ్దాలనూ ముక్కలు చేసి అతికిన ఆడియో క్యాసెట్లు, తర్వాత వీడియోలు. 1981లో, 1983లో ఒసాకా సమావేశాలకు విద్యార్థులు చేసిన 'డైకాన్' ప్రారంభ చిత్రాలను కూడా కొందరు ఈ వరసలో చేరుస్తారు. అవి బ్రహ్మాండమైనవే, కాని బొమ్మలన్నీ ఆ విద్యార్థులు స్వయంగా గీసినవి. కత్తిరింపు కథలో వాటికి చోటు లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ రెండు వీసీఆర్‌ల దగ్గర కాసేపు ఆగుదాం. ఒకదాంట్లో మూలం క్యాసెట్, రెండోదాంట్లో ఖాళీ క్యాసెట్. మొదటిదాన్ని కావలసిన షాట్‌కు కాస్త ముందు నిలిపి, రెండోదాన్ని రికార్డింగ్ పాజ్‌లో ఉంచి, సరైన క్షణంలో రెంటినీ వదలాలి. అమెరికా టీవీ పద్ధతిలో సెకనుకు దాదాపు 30 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు. బటన్ నొక్కగానే రికార్డింగ్ మొదలు కాదు. ఒక్కో యంత్రానికి ఒక్కో జాప్యం ఉంటుంది, అది ఎంతో చేతికి తెలియాలి. టేపు మీద తిరిగే డ్రమ్ములోనే పాత రికార్డింగును చెరిపే హెడ్ కూడా ఉన్న ఖరీదైన మోడల్ కాకపోతే, అతుకు పడ్డ ప్రతిచోటా ఇంద్రధనుస్సులా రంగుల చారలు పడేవి. పాట విషయంలో రెండు దారులుండేవి: బొమ్మంతా పేర్చాక ఆడియో డబ్ సౌకర్యంతో పాట ఎక్కించడం, లేదా పాటను ముందే టేపు మీద ఉంచి దానిమీద బొమ్మను ఇన్సర్ట్ చేయడం. రెండోది కచ్చితమైన పద్ధతే గాని, దానికి తగ్గ యంత్రం అందరి దగ్గరా ఉండేది కాదు. మామూలు యంత్రంతో వరసగా పేర్చుకుంటూ పోయేవాడికి ఎనిమిదో షాట్ రెండు సెకన్లు ఎక్కువైందని ఇరవయ్యో షాట్ దగ్గర తెలిసిందంటే, ఎనిమిది నుంచి మళ్ళీ మొదలుపెట్టుకోవాల్సిందే.

ఈ ఇబ్బందికి ఫలితం ఆ వీడియోల నడకలోనే కనిపిస్తుంది. షాట్లు నిడివిగా ఉంటాయి. పల్లవి ముగిసి చరణం అందుకునే చోట కట్ పడుతుంది గాని దరువు దరువుకీ పడదు. దరువుకు కత్తిరించడం చేతకానప్పుడు, షాట్ లోపలి కదలికే దరువుకు కుదిరేలా చూసుకోవాలి: తలుపు మూసుకోవడం, కత్తి దిగడం, పాత్ర తల తిప్పడం. దీనికోసం ధారావాహిక మొత్తం తలలో ఉండాలి, కాగితం మీద సెకన్ల లెక్క రాసుకోవాలి. యంత్రం చేయలేని పనిని జ్ఞాపకశక్తి చేసిందన్నమాట. తర్వాతి తరాలు సాధించినదంతా ఒప్పుకుంటూనే, ఆ తొలి వీడియోల ఎంపికలోని నిదానం నాకు ఇప్పటికీ ఇష్టం.

మూలం క్యాసెట్లు ఎక్కడివన్న ప్రశ్నకు జవాబులో అదృష్టం పాలు కొంత ఉంది. జపాన్, అమెరికా రెండూ ఎన్‌టీఎస్‌సీ టీవీ ప్రసార పద్ధతినే వాడాయి కనుక, జపాన్‌లో రికార్డు చేసిన టేపు అమెరికా వీసీఆర్‌లో ఏ మార్పిడీ లేకుండా ఆడేది. 1977లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన కార్టూన్/ఫ్యాంటసీ ఆర్గనైజేషన్ వంటి అభిమాన సంఘాల ద్వారా ఈ టేపులు చేతులు మారాయి. కాపీకి కాపీ తీసేకొద్దీ రంగు పలచబడేది, గీతలు వణికేవి. అనువాదం లేని సంభాషణలను భాష రాని ప్రేక్షకులు బొమ్మ చూసే అర్థం చేసుకునేవారు. అలాంటివాళ్ళకు మాటలు తీసేసి పాట పెట్టిన వీడియోలో పోయినది పెద్దగా ఏమీ లేదు!

1990ల్లో డాలస్‌లో ఎ-కాన్, కాలిఫోర్నియాలో యానిమే ఎక్స్‌పో, 1995 నుంచి యానిమే వీకెండ్ అట్లాంటా వంటి సమావేశాలు పెరిగాయి. వాటిలో ఏఎమ్‌వీ పోటీ హాలు నిండే కార్యక్రమమైంది. ప్రేక్షకుల ఓటుతో బహుమతి ఇచ్చే చోట ఒక స్వభావం త్వరగానే బయటపడుతుంది: వందలమంది కలిసి కూర్చున్నప్పుడు నవ్వు గెలుస్తుంది, నెమ్మదైన విషాదం ఓడిపోతుంది.

కంప్యూటర్ ఇళ్ళకు వచ్చినా వెంటనే అంతా మారిపోలేదు. డీవీ అనే డిజిటల్ పద్ధతిలో ఒక గంట వీడియోకు సుమారు 13 జీబీ కావాలి. 1990ల చివర ఇంటి కంప్యూటర్ హార్డ్‌డిస్కు మొత్తమే అంతకు అటూ ఇటూగా ఉండేది. డిస్కులు పెరిగి, డీవీడీలు వచ్చి, వాటిలోని దృశ్యాలను నేరుగా తీసుకునే సాఫ్ట్‌వేర్ అందాక, ఫ్రేము మీద పూర్తి అధికారం మొదటిసారి ఎడిటర్ చేతికి వచ్చింది. ఆ అధికారంలోంచి పుట్టిన గొప్ప విద్య పెదవులను పాటకు కలపడం.

ఇది యానిమేకే ఎందుకు అంతగా ఒప్పిందో చెప్పాలి. టీవీ యానిమేలో సెకనుకు 24 ఫ్రేములున్నా, ఖర్చు తగ్గించడానికి ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలుపుతారు. పాత్ర మాట్లాడేటప్పుడు తల, జుట్టు, నేపథ్యం కదలవు. మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు అన్న కొద్దిపాటి బొమ్మలే మారుతుంటాయి. కాబట్టి ఎడిటర్ ఆ ఫ్రేములను విడదీసి, పాటలోని అక్షరాలకు తగ్గట్టు కొత్త వరసలో పేరిస్తే ఎక్కడా కుదుపు తెలియదు, పాత్ర ఆ పాటే పాడుతున్నట్టు ఉంటుంది. మనుషులు నటించిన సినిమాతో ఇది సాగదు. ప్రతి ఫ్రేములోనూ కన్ను కదులుతుంది, వెలుగు మారుతుంది. జపాన్ స్టూడియోలు పొదుపు కోసం కనిపెట్టిన పద్ధతి, వాళ్ళెప్పుడూ ఊహించని అభిమానికి ఇలా పనిముట్టయింది.

తర్వాత పాత్రను నేపథ్యంలోంచి కత్తిరించి వేరే నేపథ్యంలో నిలబెట్టడం, రెండు ధారావాహికల పాత్రలను ఒకే గదిలో కలపడం మామూలయ్యాయి. వీటిలో అద్భుతాలున్నాయి. సాఫ్ట్‌వేర్ ప్రదర్శనగా మిగిలిపోయినవీ తక్కువేమీ లేవు.

2000లో యానిమే మ్యూజిక్ వీడియోస్ డాట్ ఆర్గ్ వచ్చి, ఊరూరా చెదిరిన ఈ పనికి ఒక జాబితా, ఒక నిల్వ ఏర్పరచింది. తొలి గట్టి దెబ్బ 2005 నవంబరులో తగిలింది: ఎవనెసెన్స్, క్రీడ్, సీథర్ బృందాల పాటలున్న వీడియోలను తొలగించాలని వాటి సంస్థ విండ్-అప్ రికార్డ్స్ ఆ సైటును కోరింది. ఫిర్యాదు బొమ్మల వాళ్ళ నుంచి రాలేదు, పాట వాళ్ళ నుంచి వచ్చింది. ఆ సంవత్సరమే యూట్యూబ్ మొదలైంది. 2007 నుంచి దాని కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ పాటను యంత్రంతోనే గుర్తుపట్టసాగింది. అదే 2007లో న్యాయశాస్త్రవేత్త లారెన్స్ లెసిగ్ టెడ్ ప్రసంగాల వేదిక మీద ఏఎమ్‌వీని ఉదాహరణగా చూపి, కొత్త తరం అక్షరాస్యత ఇలాంటి పనుల్లో ఉందని వాదించాడు. 2010 జులైలో అమెరికా కాపీరైట్ యంత్రాంగం, వ్యాపారేతర వీడియోల్లో విమర్శకో వ్యాఖ్యకో డీవీడీల్లోని చిన్న భాగాలు తీసుకోవడం కోసం కాపీ చేయనివ్వని వాటి డిజిటల్ తాళం తీయడాన్ని చట్టపు నిషేధం నుంచి మినహాయించింది. అప్పటికి తాళం తీయని ఎడిటర్ ఉన్నాడని నేననుకోను.

మన చట్టం సంగతి వేరు. భారత కాపీరైట్ చట్టం 52(1)(ఎ) సెక్షన్ సొంత వాడకానికీ, పరిశోధనకూ, విమర్శకూ సమీక్షకూ, వర్తమాన వార్తలకూ చోటిస్తుంది గాని, ఒకరి బొమ్మను మరొకరి పాటతో కలిపి కొత్తది చేసేవాడిని పేరుపెట్టి ఎక్కడా పలకరించదు. తెలుగు సినిమా పాటకు యానిమే పోరాట దృశ్యాలు కలిపి ఫోన్‌లోనే 'ఎడిట్' చేసే మన కుర్రాళ్ళు చేస్తున్నది ఏఎమ్‌వీయే, వాళ్ళు ఆ మాట వాడకపోయినా. వాళ్ళ షాట్ అర సెకను, వాళ్ళ తెర నిలువు, కట్ ప్రతి దరువుకూ పడుతుంది. వాళ్ళలో చాలామంది దృశ్యాలను ధారావాహికలోంచి కాక, ఇంకొకరి ఎడిట్‌లోంచి ఎత్తుకుంటారు. ఆ దృశ్యం కథలో ఎక్కడిదో, అక్కడ ఎవరు ఎవరిని ఎందుకు కొట్టారో తెలియకుండానే కత్తిరింపు జరిగిపోతుంది. తెలిసి కత్తిరించేవాళ్ళూ ఉన్నారు. తెలుగు పాటలోని ఒక పాదానికి పాత్ర గతాన్ని ఎదురు నిలిపి వెక్కిరించగలిగేది వాళ్ళే. రేపు ఫిర్యాదు వస్తే, తాము చేసింది విమర్శేనని న్యాయస్థానంలో వాదించే అవకాశం ఏమైనా ఉంటే, అది కూడా వాళ్ళకే.