ఎల్క్ వేటకి ఏ కాట్రిడ్జ్ (తూటా)? మాగ్నమ్ నిజంగా అవసరమా?

నమస్తే అండీ. కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) ట్యాగ్, అంటే వేట పర్మిట్, వచ్చింది, ఏ రైఫిల్ కొనమంటారు అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే 300 విన్ మాగ్, అంటే విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే శక్తిమంతమైన కాట్రిడ్జ్ మీద మనసు పారేసుకుని ఉంటారు, నా చేత ఊఁ అనిపించుకోవడమే తరువాయి!

ఇదిగో, టేబుల్ మీద మూడు కాట్రిడ్జ్‌లు పెట్టాను. 6.5 క్రీడ్‌మోర్, 30-06, చివర్లో 300 విన్ మాగ్. 30-06 అంటే 1906లో అమెరికా సైన్యం కోసం వచ్చింది, పాతదే, కానీ 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలిచే చిన్న కొలత) బుల్లెట్‌ని సెకనుకి దాదాపు 2,700 అడుగుల వేగంతో పంపుతుంది. అదే బుల్లెట్ విన్ మాగ్‌లో 2,950 దాకా వెళుతుంది. తేడా అంతే. దానికోసం భుజం మీద పడే దెబ్బ మాత్రం బాగా పెరుగుతుంది, నాలుగు రౌండ్లు కాల్చేసరికి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోవడం మొదలవుతుంది, ఇక గురి ఎక్కడుంటుంది చెప్పండి? మూడు వందల కిలోల మగ ఎల్క్‌కి ఊపిరితిత్తుల్లో తగలాల్సింది పొట్టలో తగిలితే అది లోయల్లోకి పరిగెత్తి నరకయాతన పడుతుంది.

అసలు చూడాల్సింది బుల్లెట్‌ని. కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఇది నిలువునా కోసిన నాస్లర్ పార్టిషన్ అనే రకం బుల్లెట్. మధ్యలో అడ్డంగా రాగి గోడ కనిపిస్తోందా? పైన సీసం, కింద సీసం. తగలగానే ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, వెనక భాగం చెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. పల్చటి తొడుగున్న బుల్లెట్లయితే భుజం ఎముక దగ్గరే ముక్కలైపోవచ్చు. పూర్తి రాగివి కూడా మంచివే, కాస్త ఖరీదు.

క్రీడ్‌మోర్ చాలదా అంటే, కొలరాడో రూల్స్‌కి సరిపోతుంది, అక్కడ ఎల్క్‌కి కనీసం 6 మిల్లీమీటర్ల బోర్ (గొట్టం లోపలి వ్యాసం), 85 గ్రెయిన్ల బుల్లెట్ అడుగుతారు. కానీ 300 గజాలు దాటితే, లేదా జంతువు పక్కకి తిరిగి నిలబడకపోతే, నేనైతే కాల్చను. విన్ మాగ్ కూడా చెడ్డదేం కాదు, ఏడాది పొడవునా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి దూరం షాట్లు సాధన చేసేవాళ్లకి పనికొస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఓటు 30-06కే.

అన్నట్టు, హెచ్-1బి మీద ఉన్నవాళ్లు జాగ్రత్త. ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా మీ దగ్గర తుపాకీయే కాదు, తూటా ఉన్నా నేరమే, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. ఆ లైసెన్స్ కావాలంటే కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ కార్డు అడుగుతారు, కాబట్టి ముందు ఆ క్లాసులో చేరండి, రైఫిల్ షాపు తర్వాత.