నేల కింది నీళ్ళు, నేల మీది నీళ్ళు

శ్రోతలకు నమస్కారం.

కొత్త గోడౌన్ కడుతుంటే యజమాని చూపు ముందు రేకుల మీదికి, ఇనుప స్తంభాల మీదికి పోతుంది. ఫ్యాక్టరీ అయితే మెషిన్ల మీదికి. గచ్చు సంగతి చివర్లో, మిగిలిన డబ్బుతో, మిగిలిన రోజుల్లో తేలుస్తారు. ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేసి ఉంటారు కాబట్టి ఆ రోజులూ తక్కువే. రేకుకు చిల్లు పడితే పైకెక్కి మార్చుకోవచ్చు, కింద పని నడుస్తూనే ఉంటుంది. గచ్చు పాడైతే మాత్రం సరుకు ఖాళీ చెయ్యాలి, పని ఆపాలి. అందుకే చాలామంది బాగుచేయించకుండా ఏళ్ళ తరబడి ఆ గుంటల మీదే బండ్లు తోలుతుంటారు.

ఇలాంటి నేలలు ఎందుకు చెడతాయని చూస్తే, బరువు కంటే ముందు నీళ్ళే కనిపిస్తాయి. ఈ పూట ఆ నీళ్ళ గురించే చెబుతాను.

ముందు అడుగున ఉండే నీళ్ళు. గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల్లోనూ, తెలంగాణలో చాలాచోట్లా నల్లరేగడి భూములున్నాయి. పత్తికీ మిర్చికీ మంచి నేల. గచ్చుకు మాత్రం కాదు. వానాకాలం తడిసి ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుని బీటలిస్తుంది. ఆ కదలికకు 6 అంగుళాల కాంక్రీటు ఆగదు. గోడౌన్ నడిమధ్య మట్టికి వానా తగలదు, ఎండా తగలదు, కనుక అది పెద్దగా కదలదు. కదిలేది గోడల పక్కన, షట్టర్ల దగ్గర. తొలి పగుళ్ళు అక్కడ కనిపిస్తాయి.

దీనికి చేసే పని తెలిసిందే, చేయించడంలోనే ఓపిక కావాలి. రేగడిని వీలైనంత లోతు తవ్వి తీసేసి మొరం పోయాలి. లారీలకు లారీలు ఒకేసారి కుమ్మరించి పైన రోలర్ తిప్పితే లాభం లేదు. జానెడు మందం చొప్పున పోస్తూ, తడుపుతూ, తొక్కిస్తూ రావాలి. గోడ బయట చూరు నీళ్ళు పడేచోట చుట్టూ కాంక్రీటు పట్టీ పోయించి, పక్కనే కాలవ తీయించాలి. మొరం పని అయ్యాక, కాంక్రీటు పోసేముందు మందపాటి పాలిథిన్ షీటు పరవాలి. మొత్తం ఖర్చులో అది లెక్కలోకే రాదు. అది లేని ధాన్యం గోడౌన్లలో చెమ్మ గచ్చులోంచి పైకి పాకి, దొంతర అడుగున ఉన్న బస్తాలకు బూజు పట్టిస్తుంది. బస్తాల కింద చెక్క చట్రాలు వేసేది అందుకే. షీటు వేయించాం కదా అని చట్రాలు మానేయకండి.

ఇక కాంక్రీటులో కలిపే నీళ్ళు. మేస్త్రీలు ఎప్పుడూ ఎక్కువే పోయమంటారు. పూర్తిగా వాళ్ళ తప్పని అనలేను. పలచగా ఉంటే పారతో లాగడం సులువు, పని తొందరగా తెములుతుంది. చదరపు అడుగుకు ఇంత అని కూలి మాట్లాడుకున్న మనిషి అలాగే ఆలోచిస్తాడు. అయితే 50 కిలోల సిమెంటు బస్తాకు 22 నుంచి 25 లీటర్ల నీళ్ళు చాలు, తడి ఇసుకలో ఉండే నీళ్ళనూ ఇందులోనే లెక్కవేసుకోవాలి. మరీ గట్టిగా ఉందనిపిస్తే పలచన చేసే అడ్మిక్చర్ మందులున్నాయి, అవి వాడుకోవాలి. ఎక్కువ పోసిన నీళ్ళు పైకి తేలుతూ సిమెంటు పాలను వెంట తీసుకొస్తాయి. ఆ పాలే ఆరి పైపొర అవుతుంది. కొన్నాళ్ళకు దుమ్ము మొదలవుతుంది. ఎంత ఊడ్చినా తగ్గదు, ఎందుకంటే అది బయటి దుమ్ము కాదు, గచ్చే అరిగి లేస్తోంది. తేలిన నీళ్ళ మీద పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దే అలవాటు కూడా ఉంది. ఆ రోజుకు నున్నగా కనిపిస్తుంది, తరవాత పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది.

ట్రిమిక్స్ ఫ్లోరింగ్ అని బోర్డుల మీద చూస్తుంటారు కదా, అదీ ఈ నీళ్ళకు చేసే వైద్యమే. కొత్తగా పోసిన కాంక్రీటు మీద వడపోత గుడ్డ, దాని మీద ప్రత్యేకమైన చాప పరిచి, వాక్యూమ్ పంపుతో మిగులు నీళ్ళు లాగేస్తారు. ఆ తరవాత పవర్ ట్రోవెల్, అంటే మోటారుతో తిరిగే తాపీ, తిప్పి నునుపు చేస్తారు. బాగా చేస్తే గట్టి నేల వస్తుంది. పంపు ఉంది కదా అని ముందే అంబలిలా కలిపేవాళ్ళను మాత్రం ఏ పంపూ కాపాడలేదు.

మొన్నటిదాకా నీళ్ళు తగ్గించమన్న ఇంజనీరు, పోసిన మర్నాటి నుంచి నీళ్ళు పెట్టమంటాడు. ఐఎస్ 456 అనే మన దేశపు ప్రమాణం, మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, ఎండ తీవ్రంగా ఉన్నా, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) లాంటివి కలిసిన సిమెంటయినా కనీసం 10 రోజులు కాంక్రీటును తడిగా ఉంచమంటుంది. బజార్లో దొరికే పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు) బస్తాల్లో ఫ్లై యాష్ ఉంటుంది, మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి మనకు 10 రోజులే లెక్క. ఇలా తడిగా ఉంచడాన్నే క్యూరింగ్ అంటారు. పొద్దున ఒకసారి పైపు పట్టి వెళ్ళిపోతే క్యూరింగ్ కాదు. మట్టి కట్టలు కట్టి నీళ్ళు నిలపాలి, లేదంటే గోనెలు పరిచి వాటిని ఆరనివ్వకూడదు. పైపొర ముందు ఆరిపోయి అడుగు తడిగానే ఉంటే, ఎండలో అప్పడం అంచుల మాదిరి గచ్చు మూలలు పైకి లేస్తాయి. మూల కింద బోలు ఏర్పడుతుంది. సరుకు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఎక్కినప్పుడల్లా ఆ మూల ఊగి ఊగి ఒకనాడు విరుగుతుంది.

కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. ఎక్కడ పగలాలో మనమే నిర్ణయించడానికి 4, 5 మీటర్లకు ఒకటి చొప్పున కటింగ్ మెషిన్‌తో గాట్లు కోస్తారు. 150 మిల్లీమీటర్ల గచ్చుకు సుమారు 40 మిల్లీమీటర్ల లోతు కోయాలి. పోసిన రోజు రాత్రో, మర్నాడు పొద్దున్నో ఈ పని అయిపోవాలి. మెషిన్ ఎల్లుండి వస్తుందంటే పగులు ఎల్లుండి దాకా ఆగదు.

గోడౌన్ నేలలో ముందు చితికేది ఈ గాట్ల అంచులే. 2 టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ సొంత బరువు 3 టన్నుల పైనే ఉంటుంది. సరుకు ఎత్తితే మొత్తం 5 టన్నులు దాటుతుంది, అందులో చాలా భాగం ముందు రెండు చక్రాల మీదే. చేత్తో లాగే పాలెట్ ట్రక్కు అంతకన్నా గడుసుది. బరువు తక్కువే అయినా నైలాన్ చక్రాలు చిన్నవి, గట్టివి. గాటు దాటిన ప్రతిసారీ అంచును కొడతాయి. గాట్లో మెత్తటి సీలెంటు నింపితే చక్రం దిగుతూనే ఉంటుంది. అంచును పట్టి ఉంచేటంత గట్టి ఎపాక్సీ ఫిల్లర్, అంటే గట్టిపడే ఒక రకం రెసిన్, కావాలి. అది కూడా గచ్చు కుంచించుకోవడం చాలావరకు అయ్యాక, రెండు మూడు నెలలు ఆగి నింపాలి. పాలెట్ ట్రక్కులకు పాలీయురేథేన్ చక్రాలు వేయిస్తే గచ్చుకూ, అక్కడ పనిచేసేవాళ్ళ చెవులకూ సుఖం. అంచు చితికి గుంట పడితే దాని మీద ఊరికే సిమెంటు మెత్తకండి, వారం ఉండదు. గుంట చుట్టూ నిటారుగా కోసి, బలహీనమైనదంతా తీసేసి, మరమ్మతు మోర్టార్‌తో నింపాలి.

మందుల కంపెనీల్లో, కార్ల షోరూముల్లో మెరిసే ఎపాక్సీ పూత చూసి ఇప్పుడు అందరూ అదే కావాలంటున్నారు. కాంక్రీటు పోసి 28 రోజులు కాకుండా, లోపలి చెమ్మ ఆరకుండా వేస్తే అది బొబ్బలెక్కి ఊడుతుంది. పరీక్ష చాలా తేలిక. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు పాలిథిన్ ముక్కను గచ్చు మీద పరిచి, నాలుగు వైపులా టేప్ అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దున షీటు లోపల తడి కనిపించినా, గచ్చు నల్లబడినా ఇంకా ఆగాలి. ఎపాక్సీ వేసేముందు గచ్చును గ్రైండ్ చేసి ఆ సిమెంటు పాల పొరను తీయించడం కూడా తప్పదు.

మెరుపు అన్నిచోట్లా మంచిది కాదు. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల ప్లాంట్లలో నేల పొద్దస్తమానం తడే. ఐసు కరిగిన నీళ్ళు, క్లోరిన్ నీళ్ళు, రొయ్య పొట్టు. గమ్‌బూట్లు వేసుకుని ట్రేలు మోసే ఆడవాళ్ళకు నునుపు నేల అంటే నడుము విరగ్గొట్టే నేల. అక్కడ పూతలో క్వార్ట్జ్ ఇసుక చల్లి గరుకు చేయించాలి, నీళ్ళు నిలవకుండా కాలవ వైపు వాలు ఉంచాలి. గరుకు నేలను కడగడం కష్టమని సూపర్‌వైజర్లు సణుగుతారు, నిజమే, బ్రష్‌తో రుద్దాల్సి ఉంటుంది. రుద్దించాలి. నేలలు, నడవలు గట్టిగా ఉండాలనీ, జారిపడేసే పదార్థాలు వాటి మీద ఉండకూడదనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 32వ సెక్షన్‌గా రాశారు.

వేడినీళ్ళతో కడిగేచోట ఎపాక్సీ తట్టుకోలేక పగులుతుంది. అక్కడ పాలీయురేథేన్ కలిసిన పీయూ కాంక్రీటు వాడతారు. పచ్చళ్ళ తయారీలోనూ అంతే. నిమ్మరసం, చింతపండు పులుపు సిమెంటును తినేస్తాయి. తాండూరు బండలు, కడప బండలు సున్నపురాయి జాతివే కాబట్టి వాటినీ వదలవు. మరకలు పోవడానికి గచ్చు మీద యాసిడ్ పోసి కడిగించే యజమానులు తమ నేలను తామే కరిగించుకుంటున్నారు.

చివరగా ఒక విడ్డూరం. ఎగుమతికి పోయే రొయ్యలను మైనస్ 18 డిగ్రీల్లో నిల్వ చేస్తారు. బయట 42 డిగ్రీల ఎండ కాస్తున్నా, ఆ కోల్డ్ రూమ్ అడుగున చలి కొద్దికొద్దిగా దిగి, కొన్నేళ్ళకు మట్టిలోని నీళ్ళు గడ్డకడతాయి. నీళ్ళు మంచుగడ్డగా మారితే ఉబ్బుతాయి కదా, అది గచ్చును పైకి ఎత్తేస్తుంది. తలుపులు పట్టవు, ర్యాకులు వంగుతాయి. దాన్ని ఆపడానికి గచ్చు కింద చలి దిగకుండా ఇన్సులేషన్ వేసి, దాని అడుగున బయటి గాలి తిరిగే పైపులు గానీ, హీటర్ తీగలు గానీ పెడతారు. పైపుల మూతుల్లో వాన నీళ్ళు, బురద చేరకుండా చూసుకోవాలి. హీటరైతే ఆగిపోయినా పైన ఎవరికీ తెలియదు, చలి చలిగానే ఉంటుంది. ప్యానెల్ దగ్గర నేల కింది ఉష్ణోగ్రత చూపే మీటరు పెట్టించండి. రోజూ గది ఉష్ణోగ్రత రాసే రిజిస్టరులో దానికీ ఒక గడి గీయించండి.

సెలవు. నమస్కారం.