విషాన్ని వేరులోనే ఆపుకునే పంటలు

కాడ్మియం అనే విష లోహంతో వరికి పనేమీ లేదు. ఆర్సెనిక్‌తో అసలే లేదు. అయినా రెండూ గింజ దాకా వెళ్తున్నాయి. మొక్క తన తిండి కోసం తెరిచిపెట్టుకున్న దారులే వాటికీ దారులు, అదీ చిక్కు.

వరి వేరులో ఎన్‌ర్యాంప్-5 అనే ప్రోటీన్ ఉంటుంది. మాంగనీస్‌ను లోపలికి లాగడం దాని పని. కాడ్మియం కూడా దాంట్లోంచే దూరిపోతుంది. ఆర్సెనిక్ ఇంకా గడుసుది. నీళ్లు నిలిచిన మడిలో ఆర్సెనైట్‌గా ఉండి సిలికాన్ దారిలో వస్తుంది, ఆరిన నేలలో ఆర్సెనేట్‌గా మారి ఫాస్ఫేట్ దారి పడుతుంది. వరి సిలికాన్‌ను తెగ పీల్చే పంట, కాబట్టి ఈ బెడద దానికి మరీ ఎక్కువ.

మరి మొక్క ఊరుకుంటుందా? వరి మొక్కను మడిలోంచి పీకినప్పుడు వేళ్ల మీద తుప్పు రంగు పూత కనిపిస్తుంది, చూసే ఉంటారు. వేరు వదిలే ఆక్సిజన్‌కు చుట్టూ ఉన్న ఇనుము తుప్పుపట్టి అలా పేరుకుంటుంది. ఆర్సెనిక్ కొంత దానికే అంటుకుని ఆగిపోతుంది. ఆ పూత దాటితే కణాల గోడలు. వాటిలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం సీసాన్ని బాగా పట్టేస్తుంది, అందుకే నేలలోంచి వచ్చే సీసం చాలావరకు వేళ్లలోనే ఉండిపోతుంది. ఆకుల మీద దుమ్ముగా పడే సీసం సంగతి వేరు. దానికి మొక్క వేరు ఏం చేస్తుంది పాపం, మనమే కడుక్కోవాలి.

ఇంకాస్త లోపల కాస్పేరియన్ పట్టీ ఉంటుంది. ఇటుకల సందుల్లో సిమెంట్ పూసినట్టు కణాల మధ్య ఖాళీలను మూసేస్తుంది. ఇక ముందుకు పోవాలంటే కణంలోంచే పోవాలి. అసలు పోరాటం అక్కడే. గంధకం దండిగా ఉన్న ఫైటోకెలాటిన్లు అనే చిన్న గొలుసులను కణం అప్పటికప్పుడు తయారుచేసి, లోపలికొచ్చిన లోహాన్ని కట్టిపడేస్తుంది. తర్వాత దాన్ని రిక్తిక అనే సంచిలోకి తోసేస్తుంది. వరిలో కాడ్మియాన్ని ఆ సంచిలోకి పంపేది హెచ్ఎంఏ-3 అనే ప్రోటీన్. కొన్ని రకాల్లో ఇది పనిచేయదు, వాటి గింజల్లో కాడ్మియం ఎక్కువ. ఒకే నేలలో పండించినా రకాన్ని బట్టి గింజ మారడానికి ఇదొక పెద్ద కారణం. నన్నడిగితే, కాలుష్యం ఉన్న నేలలో ముందు ఆలోచించాల్సింది రకం గురించే.

ఈ విషయంలో జపాన్‌కు చేదు అనుభవం ఉంది. జింజు నది నీటితో పండిన వరిలో చేరిన కాడ్మియం ఎముకలను గుల్లచేసే ఇటాయ్-ఇటాయ్ జబ్బు తెచ్చింది. ఆ దేశపు శాస్త్రవేత్తలే 2012లో ఒక మంచి కబురు చెప్పారు. కోషిహికారి వరి విత్తనాల మీద అయాన్ కిరణాలు పంపి, ఎన్‌ర్యాంప్-5 పాడైన మొక్కలను ఏరారు. గింజలో కాడ్మియం దాదాపు లేకుండా పోయింది, దిగుబడీ పెద్దగా దెబ్బతినలేదు. కాకపోతే మొక్కకు అందే మాంగనీస్ కూడా తగ్గుతుంది. ఆ పోషకం కొరత ఉన్న నేలల్లో ఇది ఆలోచించాల్సిన మాటే.

నీళ్లతో మాత్రం పెద్ద టెన్షన్. మడి నిండా నీళ్లు పెడితే కాడ్మియం తగ్గుతుంది, ఆర్సెనిక్ పెరుగుతుంది. ఆరబెడితే తిరగబడుతుంది. ఆమ్ల నేలలో సున్నం వేస్తే కాడ్మియం కొంత కట్టుబడుతుంది గానీ, ఆర్సెనిక్ దానికి లొంగదు. అందుకని నీళ్లు నిలపాలా, తీసేయాలా అని ఎవరైనా అడిగితే, ముందు మట్టి పరీక్షలో ఏ విషం తేలిందో చూడాలి.