గ్రెప్ తన్ను తానే పట్టుకుంటది: పీఎస్ లిస్టును ఏరుడు ఎట్ల?

[స్క్రీన్: టెర్మినల్. పీఎస్ హైఫన్ ఈఎఫ్ కొట్టంగనే లైన్లు గబగబా పైకి పోతయి]

నమస్తే. జమ్మికుంట దిక్కు ఒక రైస్‌మిల్లు అనుకుందాం. గేటు పక్కన ధరంకాంటా, దాని రూంల ఒక లైనక్స్ డబ్బా. లారీ తూకం చదివే ప్రోగ్రాం పేరు కాంటా డాట్ పీవై, పైథాన్3 తోని నడుస్తది. అది ఆగితే మళ్ల లేపనీకి క్రాన్‌ల (టైం ప్రకారం పనులు నడిపేది) 5 నిమిషాలకోసారి ఒక షెల్ స్క్రిప్ట్ (కమాండ్లు వరుసగ రాసిన ఫైలు). నడుస్తున్న ప్రోగ్రాంల లిస్టుల కాంటా ఉన్నదా చూసుడు, లేకుంటే స్టార్ట్ చేసుడు. గంతే పని.

పీఎస్ అంటే నడుస్తున్న ప్రోగ్రాంల, అంటే ప్రాసెస్‌ల లిస్టు ఇచ్చే కమాండ్. గ్రెప్ మాట వెతుకుతది. పైపు ఒక కమాండ్ ఇచ్చింది ఇంకోదానికి అందిస్తది. అందరు మొదలు రాసేది ఇదే: పీఎస్ హైఫన్ ఈఎఫ్, పైపు, గ్రెప్ కాంటా డాట్ పీవై. ప్రోగ్రాంను ఆపి ఈ లైను కొట్టి చూడుండ్రి.

[స్క్రీన్: ఒక్కటే లైను, చివర 'గ్రెప్ కాంటా డాట్ పీవై'. చుట్టూ ఎర్ర గీత]

ప్రోగ్రాం లేదు, అయినా లైను వచ్చింది. అది గ్రెప్‌దే. పైపుకు అటు ఇటు ఉన్న కమాండ్లను షెల్ (మనం కొట్టే కమాండ్లను నడిపేది) ఒకేసారి లేపుతది. పీఎస్ లిస్టు తీసేసరికి గ్రెప్ కూడా అండ్ల ఉంటది, దాని కమాండ్ లైన్ల మనం వెతికే మాటనే ఉంటది. ఇగ స్క్రిప్ట్‌కు ఎప్పుడూ 'ఉన్నది' అనే జవాబే. గేటు కాడ లారీలు ఆగినా అది ప్రోగ్రాంను లేపది.

చాలామంది వెనక గ్రెప్ హైఫన్ వీ గ్రెప్ తగిలిస్తరు, గ్రెప్ అన్న మాటున్న లైన్లను తీసేయనీకి. నడుస్తది, కానీ కమాండ్ లైన్ల ఎక్కడన్న గ్రెప్ అన్న మాటున్న అసలు ప్రాసెస్ కూడా కొట్టుకపోతది. ఇంతకన్న మంచిది బ్రాకెట్ కిటుకు. ప్యాటర్న్‌ల మొదటి ఇంగ్లీష్ అక్షరం 'కె' ఒక్కదాని చుట్టూ చదరపు బ్రాకెట్ పెట్టండి. అర్థం మారది, 'కె' అనే అక్షరమే. కానీ గ్రెప్ కమాండ్ లైన్ల బ్రాకెట్ మధ్యల అడ్డమొస్తది కాబట్టి తన్ను తాను పట్టుకోదు.

ఇక్కడ కోట్స్ మాత్రం మరువద్దు. కోట్స్ లేకుంటే, మీరున్న ఫోల్డర్లనే కాంటా డాట్ పీవై ఫైలు ఉంటే, షెల్ ఆ బ్రాకెట్‌ను ఫైలు పేరుగా విప్పి గ్రెప్‌కు మామూలు మాట ఇస్తది. కిటుకు పోయింది. టెస్టింగ్‌ల ఒక ఫోల్డర్ల నడిచి, ఇంకో ఫోల్డర్ల నడవకపోతే ముందు ఇదే చూడుండ్రి.

ఇప్పుడు పీఐడీ, అంటే ప్రాసెస్ నంబర్ ఒక్కటే కోసుకోవాలె. కాలమ్స్ కోసే కట్ కమాండ్‌కు హైఫన్ డీ స్పేస్ (స్పేస్ కాడ కోయి అని) పెడితే కుదరది. కాలమ్స్ మధ్యల స్పేస్‌లు ఎక్కువుంటయి, కట్‌కు ప్రతి స్పేస్ ఒక గీతే, నడుమ ఖాళీ ఫీల్డులు పడ్తయి. మధ్యల టీఆర్ హైఫన్ ఎస్ పెట్టి స్పేస్‌లను ఒకటి చేయొచ్చు. ఆక్‌కు (కాలమ్స్ ఏరే ఇంకో కమాండ్) ఆ బాధే లేదు, డాలర్ 2 అంటే రెండో కాలమ్, అదే పీఐడీ.

[స్క్రీన్: రెండు లైన్లు పక్కపక్కన. ఎస్‌టైమ్ కాలమ్ మీద జూమ్]

ఆక్‌ల కూడా కమాండ్ కాలమ్ కోసం డాలర్ 8 అంటే మొదటి ముక్కే వస్తది, 'పైథాన్3' అని. ఇంకోటి, నిన్నటి ప్రాసెస్‌కు ఎస్‌టైమ్‌ల (మొదలైన టైం చూపే కాలమ్) టైం పోయి తారీఖు వస్తది. లైనక్స్‌ల నెల, తేదీ అతుక్కొని ఒకటే ముక్క. వేరే యూనిక్స్ సిస్టమ్స్ అయిన సోలారిస్, ఏఐఎక్స్‌లల నడుమ స్పేస్ ఉంటది. దాని తర్వాతి కాలమ్స్ అన్నీ ఒకటి జరుగుతయి. పొద్దున నడిచిన స్క్రిప్ట్ తెల్లారి తప్పు చూపుడు దీనివల్లనే.

మిర్చి కల్లంల ఏరుకొస్తే మార్కెట్ల మళ్ల తాలు ఏరే పని ఉండది. అట్లనే పీఎస్‌నే అడగండి: హైఫన్ ఈ, హైఫన్ ఓ పీఐడీ ఈక్వల్ టు, హైఫన్ ఓ ఆర్గ్స్ ఈక్వల్ టు. హైఫన్ ఈ అంటే అన్ని ప్రాసెస్‌లు, హైఫన్ ఓ అంటే కావాల్సిన కాలమ్, ఆర్గ్స్ అంటే మొత్తం కమాండ్ లైన్. ఈక్వల్ టు వెనక ఏం రాయకుంటే హెడింగ్ రాదు. రెండు కాలమ్స్‌ను ఒకే హైఫన్ ఓ కింద కామాతోని కలిపితే కొన్ని సిస్టమ్స్‌ల ఒకటే కాలమ్ అనుకుంటది, అందుకే విడివిడిగా రాయాలె. పొడుగు కమాండ్లు తెగకుంట హైఫన్ డబ్ల్యూడబ్ల్యూ కూడా పెట్టండి. యూజర్ పేరుతోని గ్రెప్ చేయకండి. పేరు 8 అక్షరాలు దాటితే కొన్ని వర్షన్లు ప్లస్ గుర్తు పెట్టి కోస్తయి, కొన్ని నంబర్ చూపిస్తయి. యూజర్‌ను బట్టి ఏరే హైఫన్ యూ వాడండి.

ఒక్క 'ఉన్నదా లేదా' కోసమైతే పీగ్రెప్ (ప్రాసెస్‌లను వెతికే కమాండ్) చాలు, తన్ను తాను లెక్కపెట్టుకోదు. కానీ ఉత్త పీగ్రెప్ ప్రాసెస్ పేరే చూస్తది, లైనక్స్‌ల అది 15 అక్షరాల దాకనే. మన ప్రాసెస్ పేరేమో పైథాన్3. కాబట్టి 'కాంటా' అంటే ఏం దొరకది. హైఫన్ ఎఫ్ పెడితే మొత్తం కమాండ్ లైన్ చూస్తది. అప్పుడు మన చెకింగ్ స్క్రిప్ట్ పేరు కాంటా చెక్ అని ఉంటే అది కూడా దొరుకుతది! ఎవరన్న వీఐ ఎడిటర్ల కాంటా ఫైలు తెరిచినా దొరుకుతది. అందుకే ప్యాటర్న్‌ను టోపీ గుర్తు (లైను మొదట్లనే ఉండాలె అని), పైథాన్3, స్పేస్ అని మొదలుపెట్టండి.

ఇఫ్‌ల మాత్రం పైపు చివర ఆక్ పెట్టొద్దు. పైపు జవాబు అంటే చివరి కమాండ్ జవాబే. ఏమీ దొరకకున్నా ఆక్ 0 (పని అయింది అని) ఇస్తది, ఇఫ్ 'ఉన్నది' అనుకుంటది. పీగ్రెప్ అయితే దొరికితే 0, దొరకకుంటే 1.

[స్క్రీన్: పూర్తి స్క్రిప్ట్, నాలుగే లైన్లు. ప్రోగ్రాంను ఆపి, స్క్రిప్ట్ నడిపి, కొత్త పీఐడీ చూపాలె]